ఎండలోంచి సీసాలోకి డి విటమిన్

పసిపిల్లల కాళ్లు విల్లులా వంగిపోయే జబ్బొకటి 17వ శతాబ్దంలో ఇంగ్లండు వైద్యులను కలవరపెట్టింది. దాని గురించి 1645లో డేనియల్ విస్లర్, 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ గ్రంథాలు రాశారు. దొడ్డికాళ్లు, ఆలస్యంగా వచ్చే నడక, పక్కటెముకల చివర్లు పూసల్లా ఉబ్బడం వంటి లక్షణాలున్న ఆ జబ్బు రికెట్స్. లక్షణాలు తెలిశాయి గానీ కారణం తేలడానికి మరో 270 ఏళ్లు పట్టింది.

ఈలోగా పారిశ్రామిక విప్లవం వచ్చింది. బొగ్గు పొగ కమ్మిన నగరాల్లో, ఎండ పొడ సోకని ఇరుకు సందుల్లో రికెట్స్ ఇంటింటి జబ్బయింది. పోలండ్ వైద్యుడు యెంజేయ్ శ్నియాదెత్స్కీ పిల్లలను ఎండలో తిప్పమని 1822లోనే చెప్పాడు. ఆ మాట పట్టించుకున్నవారు తక్కువ. జపాన్‌లో మిషనరీ వైద్యుడిగా ఏళ్ల తరబడి పనిచేసిన థియోబాల్డ్ పామ్‌కు అక్కడ రికెట్స్ దాదాపు కనబడలేదు. బ్రిటన్‌కు తిరిగొచ్చాక ఎటు చూసినా అదే జబ్బు. ఆయన ఆసియా దేశాల్లోని తోటి మిషనరీలకు ఉత్తరాలు రాసి వివరాలు రాబట్టాడు. పేదరికం ఉన్నా ఎండ ఉన్నచోట రికెట్స్ లేదని, ఎండ కరువైన చోటే అది ఉందని 1890లో ప్రకటించాడు.

మరోపక్క ఉత్తర ఐరోపా తీరాల్లో జాలరి కుటుంబాలు తరతరాలుగా కాడ్ చేప కాలేయం నూనెను దీనికి మందుగా వాడుతూనే ఉన్నాయి. ఎండతోనూ తగ్గి, చేపనూనెతోనూ తగ్గే జబ్బేమిటన్నది పెద్ద చిక్కుముడిగా మారింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే ఆ ముడి వీడింది. లండన్‌లో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ కుక్కపిల్లలను గదిలోనే ఉంచి, ఎక్కువగా ఓట్స్ జావతో పెంచి రికెట్స్ రప్పించాడు, చేపనూనెతో తగ్గించాడు. అదే కాలంలో బెర్లిన్‌లో కుర్ట్ హుల్ద్‌షిన్‌స్కీ రికెట్స్ పిల్లలకు పాదరసపు ఆవిరి దీపంతో అతినీలలోహిత కాంతి పట్టించాడు. ఒక చేతి మీద మాత్రమే వెలుగు పడేలా చూశాడు. కొన్ని వారాల తరవాత ఎక్స్‌రే తీస్తే వెలుగు తగలని చేతి ఎముకలు కూడా గట్టిపడ్డాయి. అంటే, చర్మంలో తయారైనదేదో రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతోందన్నమాట. యుద్ధంలో చితికిపోయిన వియన్నాలో హారియెట్ చిక్ బృందం ఆస్పత్రి పసికందులను ఏళ్ల తరబడి గమనించి, చలికాలపు రికెట్స్‌ను చేపనూనె, కాంతి రెండూ ఆపగలవని నిరూపించింది.

అమెరికాలో ఎల్మర్ మెకాలమ్ 1922లో చేపనూనెను వేడిచేసి, అందులోకి గాలి పంపి ఎ విటమిన్‌ను నాశనం చేశాడు. అయినా ఆ నూనె రికెట్స్‌ను తగ్గించింది. ఎ, బి, సి పేర్లు అప్పటికే అయిపోయాయి కనుక దీనికి డి దక్కింది. మరో రెండేళ్లకు హ్యారీ స్టీన్‌బాక్ ఆహారం మీద అతినీలలోహిత కాంతి పడితే అందులోనూ డి పుడుతుందని చూపాడు. ఎండ సీసాలోకీ, పాల డబ్బాలోకీ చేరే దారి అలా తెరుచుకుంది. డి విటమిన్‌కు మూలమైన రసాయనాల పరిశోధనకు జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్ విండౌస్‌కు 1928లో నోబెల్ వచ్చింది.

చర్మంలోని కొలెస్టరాల్ వంటి ఒక పదార్థం ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు తగలగానే డి విటమిన్‌గా మారడం మొదలవుతుంది. ఆ తరవాత కాలేయం, మూత్రపిండాలు దాన్ని ఒంటికి పనికొచ్చే రూపంలోకి తెస్తాయి. ఎండ మితిమీరితే అదనంగా పుట్టిన సరుకును చర్మమే పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది. అందుకే ఎంత ఎండలో ఉన్నా డి విషమవదు. మాత్రకు ఆ కట్టడి లేదు.

దీన్ని బ్రిటన్ అనుభవపూర్వకంగా తెలుసుకుంది. 1930ల నుంచి పాలలో డి కలిపిన అమెరికాలో రికెట్స్ దాదాపు మాయమైంది. బ్రిటన్‌లో మాత్రం పాలపొడి, తృణధాన్యాల పొడులు, చేపనూనె అన్నింటి నుంచీ డి ఒకేసారి పసివాళ్లకు అందింది. 1950ల్లో కొందరు శిశువుల రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరగడం చూసి, మితిమీరిన డి మీద అనుమానంతో ప్రభుత్వం మోతాదులు తగ్గించింది. తరవాతి దశాబ్దంలో గ్లాస్గోకు వలసవెళ్లిన దక్షిణాసియా కుటుంబాల పిల్లల్లో రికెట్స్ మళ్లీ బయటపడింది.

ఎండలు కాసే మన దేశంలో ఈ లోపం ఉండదనే చాలాకాలం అనుకున్నారు. 2000లో ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు ఆరోగ్యవంతుల్లోనూ డి తక్కువగా ఉందని చూపారు. తరవాత తిరుపతిలో సి.వి. హరినారాయణ్ బృందం పల్లెల్లో, పట్నంలో పరీక్షించి, పొలం పనిచేసేవారిలో డి కాస్త మెరుగ్గా ఉన్నా లోపం రెండుచోట్లా ఉందని తేల్చింది. తిరుపతి ఎండలో డి తయారీ ఏ వేళ ఎక్కువో కూడా కొలిచి, పగలు 11 నుంచి 2 గంటల మధ్య అని చెప్పింది. చంటిబిడ్డను పొద్దున్నే నీరెండలో పడుకోబెట్టే మన అలవాటుతో ఒంటికి వెచ్చదనం వస్తుంది గానీ డి పెద్దగా రాదు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండతో అసలే రాదు. మన నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా ఉన్నప్పుడే డి బాగా తయారవుతుంది. చామనఛాయ ఒంటికి తెల్లని ఒంటికన్నా ఎక్కువ సేపు కావాలి. బోస్టన్‌లో స్థిరపడిన తెలుగువారికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మిట్టమధ్యాహ్నపు ఎండ కూడా డి ఇవ్వదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు 600 యూనిట్లు చాలని 2020లో సూచించింది. మందుల షాపులో చవగ్గా దొరికే 60,000 యూనిట్ల సాచెట్ అంటే నూరు రోజుల మోతాదు. సుమారు 26 వేల మంది మీద జరిగిన అమెరికా పరీక్ష వైటల్, మామూలు ఆరోగ్యంతో ఉన్న పెద్దలు డి మాత్రలు మింగితే క్యాన్సర్, గుండెజబ్బులు తగ్గవని తేల్చింది. 2024లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ ఆరోగ్యవంతులైన పెద్దలకు డి పరీక్ష అందరికీ అవసరం లేదంది. తల్లిపాలలో డి తక్కువ కనుక ఏడాదిలోపు పసివాళ్లకు మాత్రం రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయాలన్నది పిల్లల వైద్యుల సలహా.

కాబట్టి పగలు పదకొండు దాటాక ఇరవై, ముప్ఫై నిమిషాలు చేతులకూ ముఖానికీ ఎండ తగలనివ్వండి. వేసవిలో వడదెబ్బ తగలకుండా వేళను ముందుకు జరుపుకోండి. సాచెట్లు మాత్రం డాక్టరు రాసినన్ని వారాలే వాడి, ఆపమన్నప్పుడు ఆపేయండి.