సిలికాన్ వ్యాలీ గృహ కొరత

అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్ హోసే దాకా విస్తరించిన బే ఏరియాలో ఉద్యోగాలు పెరిగినంతగా ఇళ్లు పెరగకపోవడాన్ని సిలికాన్ వ్యాలీ గృహ కొరత అంటారు. అద్దెల సమస్యగానే దీన్ని చెప్పుకుంటారు కానీ, కంపెనీలకూ హోటళ్లకూ బడులకూ ఇది పనికి మనుషులు దొరకని సమస్య.

కరువు నేలకన్నా అనుమతులకు. చాలా ఊళ్లలో నివాస స్థలాల్లో అధిక భాగం, ఒక్కో స్థలంలో ఒక్క ఇల్లే కట్టాలన్న నిబంధన కింద ఉండేది. పైగా 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 13 ఆస్తి పన్నును మదింపు విలువలో 1 శాతానికి కట్టేసింది; ఇల్లు చేతులు మారేదాకా ఆ మదింపు ఏటా 2 శాతానికి మించి పెరగదు. దాంతో ఇళ్లు వస్తే ఊరికి బడి, రోడ్డు, నీళ్ల ఖర్చు. దుకాణాలు వస్తే అమ్మకం పన్ను రాబడి. ఆఫీసులు మాకు, వాటిలో పనిచేసేవాళ్లు పక్క ఊరికి అన్నట్టు సాగింది వ్యవహారం. దాదాపు 60 వేల జనాభా ఉన్న కూపర్టినోలో 2017లో తెరిచిన ఆపిల్ ప్రధాన కార్యాలయం ఆపిల్ పార్క్‌ను సుమారు 12,000 మంది ఉద్యోగుల కోసం కట్టారు. అక్కడ కార్లు నిలపడానికి 11,000 దాకా చోట్లున్నాయి. ఆ కార్లు రాత్రి ఏ ఇంటి ముందు ఆగుతాయన్నది ఆ నక్షాలో లేదు.

ఫలితం చూడాలంటే బే ఏరియాకు తూర్పున ఉన్న స్టాక్టన్ నుంచి ఆల్టమాంట్ కనుమ దాటి శాన్ హోసే చేరే ఏస్ రైలు చూస్తే చాలు. 1998లో మొదలైన ఈ మార్గం దాదాపు 138 కిలోమీటర్లు, ప్రయాణం రెండు గంటల పైమాటే. పనిరోజుల్లో పొద్దున నాలుగు బళ్లు పడమటికి, సాయంత్రం నాలుగు తూర్పుకి. తొలి బండి తెల్లవారకముందే కదులుతుంది. ఇంత దూరం నుంచి వచ్చే మనిషి ఇంటి దగ్గర కాస్త తక్కువ జీతమొచ్చినా అటే మొగ్గుతాడు. యజమాని మళ్లీ కొత్తవాడికి పని నేర్పాలి. జీతం పెంచినా పెంచినంతా అద్దెకే పోతుంది కాబట్టి ఆ పెంపు మనిషిని నిలపదు. పెద్ద కంపెనీలు ఈ భారం మోయగలవు, నాలుగు బల్లల హోటలు మోయలేదు.

సాఫ్ట్‌వేర్ జీతాలున్న తెలుగు కుటుంబాలకూ ఇది తప్పలేదు. ఫ్రీమాంట్, సన్నీవేల్‌లో ఇల్లు అందనివారు కనుమకు అవతలున్న మౌంటెన్ హౌస్, ట్రేసీ వైపు సర్దుకున్నారు. 2024 జులైలో నగర హోదా పొందిన మౌంటెన్ హౌస్‌లో భారతీయ కుటుంబాలు చాలానే ఉన్నాయి.

2019లో గూగుల్, ఫేస్‌బుక్ చెరో 100 కోట్ల డాలర్లు, ఆపిల్ 250 కోట్ల డాలర్లు గృహ నిర్మాణానికి ప్రకటించాయి. గూగుల్ లెక్కలో 75 కోట్లు నగదు కాదు, కనీసం 15,000 ఇళ్లకు వదులుతామన్న సొంత స్థలాల విలువ. 2021లో టెస్లా ప్రధాన కార్యాలయాన్ని టెక్సస్‌లోని ఆస్టిన్‌కు మారుస్తున్నట్టు చెబుతూ సంస్థ అధిపతి ఎలాన్ మస్క్, ఉద్యోగులకు ఇళ్లు అందకపోవడాన్నీ దూర ప్రయాణాలనూ ప్రస్తావించారు. అదే ఏడాది వచ్చిన కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం ఎస్‌బీ 9 ఒక్క ఇంటి స్థలాల్లో నాలుగు ఇళ్ల దాకా కట్టుకునే వీలిచ్చింది.

ప్రకటనలకన్నా గట్టి పని బే ఏరియాలోని డేలీ సిటీలో ఒక బడుల యంత్రాంగం చేసింది. జెఫర్సన్ యూనియన్ హైస్కూల్ డిస్ట్రిక్ట్ 2018లో ఓటర్ల అనుమతితో బాండ్లు జారీచేసి, తన స్థలంలోనే సిబ్బందికి 122 అపార్ట్‌మెంట్లు కట్టించి 2022లో తాళాలిచ్చింది. మన రైల్వే క్వార్టర్స్ లాంటి ఏర్పాటే. ఉద్యోగం మానేస్తే ఇల్లూ ఖాళీ చేయాలన్న చిక్కు ఇలాంటి చోట్ల ఉండేదే.