బలమా, శక్తియా? – ఆకర్షణ సంబంధ పారిభాషిక పదాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
గురుత్వాకర్షణ బలం, అయస్కాంత బలం, విద్యుత్ బలం అనే మూడు భావనలు పాఠశాల విజ్ఞానశాస్త్రంలో ఒకే పాఠంలో కనిపిస్తాయి. ఈ పేర్లు మాత్రం వేర్వేరు కాలాల నుండి, వేర్వేరు ఆలోచనల నుండి వచ్చాయి. ఆ పదాల పూర్వచరిత్రను, ‘బలం’, ‘శక్తి’ అనే మాటల మధ్య నేటికీ కొనసాగుతున్న అస్పష్టతకు కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గురుత్వం, ఆకర్షణ, అయస్కాంతం, విద్యుత్తు, బలం, శక్తి, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం:
వస్తువును తాకకుండానే పనిచేసే బలాలకు ఉదాహరణలుగా పాఠ్యపుస్తకాలు గురుత్వాకర్షణ, అయస్కాంత, స్థిరవిద్యుత్ బలాలను పేర్కొంటాయి. అయినా పుస్తకం ‘గురుత్వాకర్షణ బలం’ అన్నచోట విద్యార్థి ‘గురుత్వాకర్షణ శక్తి’ అని రాయడం తరచుగా కనిపిస్తుంది. పత్రికలలోనూ, ఉపన్యాసాలలోనూ ఇదే వాడుక ఉంది. దీన్ని కేవలం అజాగ్రత్తగా భావించడం సరికాదు. ఈ వాడుక వెనుక దాదాపు తొమ్మిది శతాబ్దాల శాస్త్రభాషా చరిత్ర ఉంది.

2. సూదంటురాయి – అయస్కాంతం:
ఈ మూడింటిలో అచ్చతెలుగు పేరున్నది అయస్కాంతానికే. సూదిని అంటించుకొనే రాయి కనుక అది సూదంటురాయి. కంటికి కనిపించే పనిని బట్టి ఏర్పడిన పేరిది. సంస్కృతంలోని ‘అయస్కాంతం’ ఇనుముకు ప్రియమైనదని అర్థమిస్తుంది. కాళిదాసు కుమారసంభవంలో శివుని మనస్సును పార్వతి ఆకర్షించడానికి అయస్కాంతమే ఉపమానం. వైశేషికులు సూది అయస్కాంతం వైపు కదలడాన్ని గమనించి, దానికి కారణం ‘అదృష్టం’, అనగా కంటికి కనబడని హేతువు, అని చెప్పారు. ఐరోపాలో విలియం గిల్బర్ట్ 1600లో ప్రకటించిన గ్రంథంలో భూమినే ఒక పెద్ద అయస్కాంతంగా ప్రతిపాదించాడు. అంతవరకు రాతికి పరిమితమైన గుణం అలా భూగోళానికి విస్తరించింది.

3. గురుత్వం, ఆకర్షణ – రెండు వివరణల సమాసం:
వైశేషిక దర్శనంలో గురుత్వం పృథివి, జలం అనే ద్రవ్యాలలో ఉండే గుణం. పతనానికి అదే కారణం. అంటే వస్తువు తన బరువు వల్లనే పడుతుంది. క్రీ.శ. 1150లో భాస్కరాచార్యుడు రచించిన సిద్ధాంతశిరోమణిలోని గోళాధ్యాయంలో వేరొక వివరణ ఉంది. భూమికి ‘ఆకృష్టిశక్తి’ ఉందనీ, ఆకాశంలోని బరువైన వస్తువులను అది తన వైపు లాక్కుంటుందనీ, ఆ కదలికే పతనంగా కనిపిస్తుందనీ ఆయన ప్రతిపాదించాడు. ఆధారం లేకుండా భూమి ఆకాశంలో ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు సమాధానంలో భాగంగా వచ్చిన ఆలోచన ఇది. మొదటి వివరణలో కారణం పడే వస్తువులో ఉంది; రెండవదానిలో భూమిలో ఉంది. నేటి ‘గురుత్వాకర్షణ’ అనే సమాసం ఈ రెండింటినీ ఒకచోట చేర్చింది.

దీన్నిబట్టి భాస్కరుడు న్యూటన్ సిద్ధాంతాన్ని ముందే కనుగొన్నాడని చెప్పడం చారిత్రకంగా నిలవదు. 1687లో న్యూటన్ ప్రకటించిన నియమంలో ఆకర్షణ పరస్పరం: భూమి రాయిని లాగినంత బలంతోనే రాయి భూమిని లాగుతుంది. ఆ బలం ద్రవ్యరాశుల లబ్ధానికి అనులోమంగానూ, దూరవర్గానికి విలోమంగానూ ఉంటుంది. చంద్రుని గమనం, రాయి పతనం ఒకే నియమానికి లోబడతాయి. ఈ పరస్పరత, పరిమాణం, సార్వత్రికత భాస్కరుని ప్రతిపాదనలో లేవు. అయితే ‘ఆకర్షణ’ను ‘శక్తి’గా పేర్కొనే సంప్రదాయం ఆయన నాటికే ఉందని మాత్రం నిర్ధారించవచ్చు. నేటి ‘ఆకర్షణ శక్తి’ వాడుకకు పూర్వరూపం ఇక్కడ కనిపిస్తుంది.

4. విద్యుత్తు – మెరుపు నుండి వచ్చిన పేరు:
గిల్బర్ట్ రుద్దిన అంబరు చూపే ఆకర్షణకు, అంబరు అనే అర్థం గల గ్రీకు పదం నుండి పేరు కల్పించాడు. భారతీయ భాషలు ఆ దారిలో వెళ్ళలేదు. మెరుపు విద్యుత్ స్వభావం కలదని 1752 నాటి ప్రయోగాలతో రుజువైంది. తరువాతి కాలపు అనువాదకులు మెరుపు పేరునే స్వీకరించారు. సంస్కృతంలో ‘విద్యుత్’ అంటే మెరుపు. ఉర్దూలో విద్యుత్తుకు వాడే ‘బర్ఖ్’ అన్నా మెరుపే. గురుత్వాకర్షణకు ఉర్దూ పేరైన ‘కషిష్-ఎ-సఖ్ల్’లోనూ ‘సఖ్ల్’ అంటే బరువు, ‘కషిష్’ అంటే లాగుడు. నిజాం రాజ్యంలో 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో శాస్త్రాలు బోధించింది. అందువల్ల తెలుగువారిలో ఒక భాగం ఇవే భావనలను ఆ పదాలలో చదివింది. పదమూలాలు వేరైనా నామకరణ పద్ధతి ఒకటే కావడం గమనార్హం.

5. బలం, శక్తి వేరుపడిన తీరు:
ఈ అస్పష్టత తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. 1847లో హెల్మ్‌హోల్ట్జ్ శక్తినిత్యత్వాన్ని ప్రతిపాదించినప్పుడు జర్మన్‌లో బలానికి వాడే ‘క్రాఫ్ట్’ అనే పదాన్నే ఉపయోగించాడు. 1857లో ఫారడే కూడా ‘బల నిత్యత్వం’ అన్న శీర్షికతోనే ప్రసంగించాడు. ‘ఎనర్జీ’ అనే పదాన్ని థామస్ యంగ్ 1807 నాటికే వాడినా, అది పారిభాషికంగా స్థిరపడడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది.

తెలుగులో ఆధునిక శాస్త్రరచన విస్తరించేనాటికి ఆ విభజన పూర్తయింది. 1906లో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్రగ్రంథాలను ప్రకటించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాలతో పాటు పారిభాషిక పదకోశాలను వెలువరించింది. నేటి పాఠ్యపుస్తకాలలో బలం, శక్తి, సామర్థ్యం అనేవి మూడు వేర్వేరు రాశులు. వాడుక భాష మాత్రం పాత అర్థాన్ని వదలలేదు.

ఈ భేదం ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ చూపుతుంది. నేలపై ఉన్న ఒక కిలోగ్రాము రాయిపై భూమి సుమారు 9.8 న్యూటన్ల బలం చూపుతుంది. రాయి కదలకపోతే ఆ బలం చేసిన పని శూన్యం. అదే రాయిని ఒక మీటరు ఎత్తితే దాని స్థితిశక్తి సుమారు 9.8 జౌళ్లు పెరుగుతుంది. సంఖ్య ఒకటే, రాశులు వేరు. రెండింటికీ ‘శక్తి’ అనే పేరు పెడితే ఈ తేడా విద్యార్థికి అందదు. పైగా ‘విద్యుచ్ఛక్తి’ అనే సమాసం సరైనదే: ఇళ్లలో లెక్కించి వాడుకునేది శక్తినే. ఒకచోట ఒప్పైన సమాసం మరొకచోట తప్పవుతుంది కనుకనే గందరగోళం బలపడుతుంది.

6. ముగింపు:
సూదంటురాయి పనిని చెప్పే పేరు. గురుత్వం గుణాన్ని చెప్పే పేరు. విద్యుత్తు ప్రకృతి దృశ్యాన్ని చెప్పే పేరు. ఈ మూడింటినీ ‘బలం’ అనే ఒక్క భావన కిందికి తేవడం ఆధునిక భౌతికశాస్త్రం చేసిన పని. ‘ఆకర్షణ’ అనే మాట అందుకు పూర్తిగా చాలదు. అయస్కాంతాలలోనూ, విద్యుదావేశాలలోనూ వికర్షణ కూడా ఉంది. కాబట్టి ‘గురుత్వాకర్షణ శక్తి’ అని రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించడంతో బోధన పూర్తికాదు. ఆ మాట ఎక్కడి నుండి వచ్చిందో, శాస్త్రం దాన్ని ఎందుకు రెండుగా విడదీసిందో వివరించినప్పుడే పారిభాషిక పదం కంఠస్థం చేసే మాటగా కాక, అర్థమైన భావనగా నిలుస్తుంది. ఈ వివరణలో భౌతికశాస్త్ర అధ్యాపకునితో పాటు తెలుగు అధ్యాపకునికీ బాధ్యత ఉంది.