ఊహలోని ఊరు, పరిశీలనలోని ఊరు

నిదానమే ప్రధానమని ఒక సామెత చెబుతుంది. ఆలస్యం అమృతం విషమని మరొక సామెత హెచ్చరిస్తుంది. రెండూ ఒకే నోట వినిపిస్తాయి, రెండూ సందర్భాన్ని బట్టి నిజమే అనిపిస్తాయి. లోకజ్ఞానం స్వభావమే అది. అప్పటి అవసరం తీర్చడం దాని పని. తనలోని వైరుధ్యాలను సరిచూసుకోవలసిన బాధ్యత దానికి లేదు. సమాజశాస్త్రం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఏ పరిస్థితుల్లో, ఎవరి విషయంలో, ఎంతమేరకు ఈ మాట నిజం అని అది అడుగుతుంది.

రసాయనశాస్త్రవేత్త చెప్పేదానికి వీధిలో పోటీ ఉండదు. కుటుంబం, కులం, ఊరు అనే విషయాలకు వచ్చేసరికి ప్రతి ఒక్కరూ తాము పండితులమే అనుకుంటారు. పుట్టి పెరిగిన చోటు గురించి కొత్తగా తెలుసుకోవలసినది ఏముంటుందన్నది సహజమైన ప్రశ్న. దానికి భారతీయ గ్రామం చరిత్రలోనే మంచి సమాధానం దొరుకుతుంది.

దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో 1806లో అనంతపురం నుంచి పంపిన నివేదికలో, పన్నెండుగురు ఆయగాండ్రతో కూడిన ప్రతి గ్రామమూ ఒక చిన్న గణరాజ్యం వంటిదని రాశాడు. 1830లో చార్లెస్ మెట్‌కాఫ్ ఆ భావానికి మరింత ప్రచారం కల్పించాడు. గ్రామాలు తమకు కావలసినదాదాపు అంతా తమలోనే సమకూర్చుకుంటాయనీ, రాజవంశాలు మారినా అవి చెక్కుచెదరవనీ అతని అభిప్రాయం. 1853లో కార్ల్ మార్క్స్ వ్యాసాల్లోనూ, 1871లో హెన్రీ మెయిన్ గ్రంథంలోనూ ఇదే చిత్రం వేర్వేరు ప్రయోజనాలతో ప్రత్యక్షమైంది. జాతీయోద్యమ కాలానికి స్వయంసమృద్ధ గ్రామం అన్నది రుజువు అక్కరలేని సత్యంగా స్థిరపడింది.

ఈ భావన పూర్తిగా కల్పితమని చెప్పలేము. మంగలి, చాకలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి తమ పనికి పంటలో వంతు పొందడం కళ్ళెదుట కనిపించే వాస్తవం. అయితే పాలకులు గ్రామాన్ని ప్రధానంగా శిస్తు లెక్కల్లోంచి చూశారు. లెక్కలో ఊరు ఒకే పద్దు కాబట్టి జీవితంలోనూ అది ఒకే ప్రాణి అని భావించడం సులువైంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్న సామెతలోనూ అలాంటి నమ్మకమే ఉంది. ఊరికి ఒకే దారి ఉన్నదనీ, దాన్ని తప్పినవాడే వింతవాడనీ అది ముందే తేల్చేస్తుంది. ఆ దారిని ఎవరు వేశారన్న ప్రశ్న సామెతకు తట్టదు.

ఆ ప్రశ్న 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గట్టిగా వినిపించింది. ముసాయిదాను ప్రవేశపెడుతూ డాక్టర్ అంబేద్కర్ మెట్‌కాఫ్ వర్ణనను ప్రస్తావించారు. గ్రామాన్ని ఆదర్శంగా కీర్తించేవారితో విభేదించి, సంకుచితత్వానికీ అజ్ఞానానికీ అది నిలయమైందని విమర్శించారు. రాజ్యాంగంలో వ్యక్తినే ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషం వ్యక్తం చేశారు. అయినప్పటికీ, గ్రామ పంచాయతీల ఏర్పాటు 40వ అధికరణంగా ఆదేశిక సూత్రాల్లో చోటు చేసుకుంది. ఒకే ఊరు ఒకరికి స్వరాజ్యంగానూ, మరొకరికి వెలివాడగానూ కనిపించింది. దేశం తన భవిష్యత్తును నిర్మించుకుంటున్న ఘట్టంలో ఈ భేదం కేవలం పండిత చర్చ కాదు.

సమాజశాస్త్రం మన విశ్వవిద్యాలయాల్లో అప్పటికింకా కొత్త. 1919లో బొంబాయిలో పాట్రిక్ గెడ్డెస్ ఆధ్వర్యంలో ఆ శాఖ ఏర్పడింది. ఆ తరువాత జి.ఎస్. ఘుర్యే దాన్ని తీర్చిదిద్దారు. లక్నోలో రాధాకమల్ ముఖర్జీ మరొక సంప్రదాయానికి పునాది వేశారు. ఘుర్యే శిష్యులైన ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలో ఒక గ్రామంలో నెలల తరబడి నివసించి, దానికి రాంపుర అని మారుపేరు పెట్టి అధ్యయనం సాగించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఎస్.సి. దూబే 1951–52లో హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటను పరిశీలించారు. ఆ పరిశీలన ఫలితమే 1955లో వెలువడిన ‘ఇండియన్ విలేజ్’. తెలంగాణలోని ఒక ఊరు ఈ విధంగా ప్రపంచ విద్యార్థుల పాఠ్యవిషయమైంది.

ఈ పరిశీలకులు వెళ్ళి అడిగినవి చిన్న ప్రశ్నలే. ఉప్పు ఎక్కడినుంచి వస్తుంది? ఇనుము ఎవరు తెస్తారు? ఈ ఇంటి కోడలు పుట్టినిల్లు ఏ ఊరు? కులంలో తగవు వస్తే తీర్పు చెప్పే పెద్దలు ఎక్కడివారు? ఏ సంతకు, ఏ జాతరకు ఎవరెవరు పోతారు? సమాధానాలను కూడితే ఊరి పొలిమేర చెరిగిపోయింది. ప్రతి ఊరిలోనూ అన్ని వృత్తుల వారూ లేరు. పెళ్ళి సంబంధాలు, కులపెద్దల అధికారం, తీర్థయాత్రలు, సంతలు ఒక ఊరిని అనేక ఊళ్ళతో ముడివేశాయి. 1960లో శ్రీనివాస్, ఎ.ఎం. షా కలిసి గ్రామ స్వయంసమృద్ధి ఒక భ్రమ అని సూటిగా ప్రకటించారు.

ఊరి లోపలి చిత్రం కూడా మారింది. భూమి, సంఖ్యాబలం, సామాజిక హోదా ఒకే కులం చేతిలో చేరినప్పుడు ఊరి మాటగా చలామణీ అయ్యేది చాలావరకు ఆ కులం మాటే అని తేలింది. దీన్నే శ్రీనివాస్ ఆధిపత్య కులం అన్నారు. సామెతలోని ఊరి దారి ఎవరు వేశారన్న ప్రశ్నకు ఇది పరిశీలన ఇచ్చిన జవాబు. అదే సమయంలో ఆయన ఊరిని ఒట్టి నీడగా కొట్టిపారెయ్యలేదు. కులమే నిజం, గ్రామం కాదన్నట్టు 1957లో లూయీ ద్యుమో, డేవిడ్ పొకాక్ చేసిన వాదనను ఆయన అంగీకరించలేదు. విభేదాలున్నా ఊరి పట్ల అభిమానం జనంలో ఉన్నదని ఆయన వాదించారు.

పరిశీలకునికీ లోకజ్ఞానం ఉంటుంది. దాన్ని గడప బయట వదిలి వచ్చాననుకోవడం ఆత్మవంచన. రాంపురలో తన సాన్నిహిత్యం ఎక్కువగా ఊరిపెద్దతోనూ, పై కులాలవారితోనూ సాగిందనీ, దానివల్ల తన దృష్టికి పరిమితి ఏర్పడిందనీ శ్రీనివాస్ స్వయంగా ఒప్పుకున్నారు. 1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో దుండగులు పెట్టిన నిప్పుకు ఆయన క్రమబద్ధం చేసుకున్న క్షేత్ర రచనలు కాలిపోయాయి. జ్ఞాపకాల ఆధారంగా 1976లో ‘ది రిమెంబర్డ్ విలేజ్’ వెలువరించినప్పుడు, ఆ సంగతిని పుస్తకంలోనే స్పష్టం చేశారు. ఏది చూశారు, ఎక్కడ నిలబడి చూశారు, ఏది చూడలేకపోయారు అన్నవి పాఠకుని ముందుంచడం శాస్త్ర మర్యాద. లోకజ్ఞానం అలా లెక్క అప్పజెప్పదు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో పరిపాలన అనుభవం చూపింది. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస పథకం, గ్రామాన్ని ఒకే సముదాయంగా భావించింది. మంచి విత్తనం, ఎరువు, సలహా ఊరికి అందితే అందరికీ అందినట్టే అనుకున్నారు. దూబే ఉత్తర ప్రదేశ్‌లోని రెండు గ్రామాల్లో పథకం అమలును పరిశీలించి, 1958లో ‘ఇండియాస్ చేంజింగ్ విలేజెస్’ ప్రచురించారు. ప్రయోజనంలో అధికభాగం అప్పటికే స్థితిమంతులైన, పలుకుబడి కలిగిన రైతులకు చేరిందని అందులో తేలింది. ఉద్యోగుల చిత్తశుద్ధిలో లోపం ఉందని దీని అర్థం కాదు. ఊరంటే ఒకే ఇల్లు అన్న నమ్మకంతో వెళ్ళినవారికి ఆ ఇంటిలోని గదులు కనిపించలేదు. భూమిలేని వ్యవసాయ కూలీ వాకిట్లోకి ఎరువు బస్తా వచ్చినా వెయ్యడానికి పొలమేదీ?

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభా నిష్పత్తిలోనూ, స్త్రీలకు మూడోవంతుకు తక్కువ కాకుండానూ స్థానాలు కేటాయించింది. ఊరు ఏకశిల కాదన్న గుర్తింపు అలా శాసనంలోకి ఎక్కింది. అయితే శాసనం రాగానే లోకజ్ఞానం చెరిగిపోదు. ఎన్నికైన మహిళా సర్పంచి భర్త కుర్చీలో కూర్చుంటే, అది లోకసహజమని సరిపెట్టుకునే ధోరణి ఇంకా ఉంది. రాబోయే జనాభా లెక్కల్లో కులగణన కూడా చేపట్టాలని 2025 ఏప్రిల్ 30న కేంద్రం నిర్ణయించింది. ఈ సందర్భంలోనూ అంకెలు తమంతట తాము మాట్లాడతాయని భావించరాదు. 1901 లెక్కల్లో హెర్బర్ట్ రిస్లీ కులాలను సామాజిక అంతస్తును బట్టి వరుస పెట్టబోతే, తమ స్థానం పెంచమని అనేక కులాలు విజ్ఞాపనలు పంపుకున్నాయి. అడిగే ప్రశ్నే సమాజాన్ని కదిలించగలదు.

లోకజ్ఞానాన్ని తృణీకరించి సమాజశాస్త్రం బతకలేదు. జనం తమ జీవితం గురించి చెప్పుకునే మాటలే దానికి ముడిసరుకు. 1996లో ఈ విషయంపై రాసిన వ్యాసంలో ఆంద్రే బెతే ఈ రెండింటి సంబంధాన్ని, భేదాన్ని లోతుగా చర్చించారు. వినడం ఎంత అవసరమో, విన్నదాన్ని పక్క వీధిలోనూ, పక్క ఊరిలోనూ సరిచూడడం అంతే అవసరం. మన్రో అనంతపురంలో చూసినది అబద్ధం కాదు, ఊరి చావడి నుంచి కనిపించినంత మేరకు నిజం. వాడ చివరి గుడిసె నుంచి కనిపించే ఊరు కూడా లెక్కలో చేరినప్పుడే ఊరి గురించి చేసే ఏ నిర్ణయమైనా న్యాయమవుతుంది.