ఒక మునిసిపల్ మెంబరు గారి భార్య

మన సంఘములలో పంచాయతీ మెంబరుగానో, మునిసిపల్ కౌన్సిలరుగానో పనిచేసి గతించినవారు కొందరున్నారు. సంతాప సభ జరుగును, పటమునకు పూలదండ వేయుదురు, పెద్దలు నలుగురు మాట్లాడుదురు. ఆయన భార్యను మాత్రము మాట్లాడుమని ఎవరును పిలువరు. అటువంటి సభలలో కూర్చుండినప్పుడెల్ల మాకు పూనా పట్టణపు సావిత్రీబాయి ఫూలే గారు జ్ఞాపకమునకు వచ్చుచుందురు.

ఈ దంపతులిద్దరును మిషనరీల విద్యకు ఋణపడినవారే. జ్యోతిరావు ఫూలే గారు పూనాలోని స్కాటిష్ మిషన్ పాఠశాలలో చదివిరి. సావిత్రీబాయి గారు అహ్మద్‌నగర్‌లో అమెరికన్ మిషనరీ సింథియా ఫరార్ దొరసాని గారి యొద్ద ఉపాధ్యాయ శిక్షణ పొందిరి. అయినను వారు క్రైస్తవులు కాలేదు. ఆ మాట దాచి వారిని మనవారిగా చెప్పుకొనుట న్యాయము కాదని మా అభిప్రాయము. 1848లో పూనాలో బాలికల పాఠశాల తెరచిన సంగతి అందరెరిగినదే. జ్యోతిరావు గారు మునిసిపల్ మెంబరుగా నుండిరని తెలిసినవారు తక్కువ.

1876లో ప్రభుత్వము ఆయనను పూనా మునిసిపాలిటీకి నియమించెను. ఆరేడు సంవత్సరములు ఆ పదవిలో నుండిరి. గవర్నరు జనరల్ లార్డ్ లిట్టన్ గారి రాక సందర్భమున వేయి రూపాయలు ఖర్చు చేయవలెనని తీర్మానము రాగా, ఆ సొమ్ము బీదల చదువుకు వినియోగింపుడని ఆయన కోరిరి. 32 మంది నియమిత సభ్యులలో వ్యతిరేకముగా ఓటు వేసినవారు ఆయన ఒక్కరే. 1880లో మద్యపు దుకాణములు పెరుగుటను ఆక్షేపించుచు ఉత్తరము వ్రాసిరి. క్రొత్త మార్కెటు భవనమునకు అంత ధనము కుమ్మరించుట తగదనియు వాదించిరి. 1886లో తెరువబడిన ఆ మార్కెటుకే నేడు ఆయన పేరున్నది!

1888లో ఆయనకు పక్షవాతము వచ్చెను. 1890 నవంబరు 28న గతించిరి. తన దేహమును దహనము చేయక, ఉప్పు వేసి పాతిపెట్టవలెనని వీలునామాలో వ్రాసియుండిరి. ఇండ్ల మధ్య ఖననమునకు మునిసిపల్ అధికారులు అనుమతి ఇయ్యలేదు. నియమము నియమమే, తప్పు పట్టలేము. అయినను తాను మెంబరుగా కూర్చుండిన మునిసిపాలిటీయే ఆయనకు ఆరడుగుల నేల కాదనెను. దహనమునకు బయలుదేరునప్పుడు మరియొక తగవు. దత్తపుత్రుడైన యశ్వంత్ నిప్పుకుండ పట్టరాదని బంధువులు అడ్డుపడిరి. అప్పుడు సావిత్రీబాయి గారే కుండ చేతబట్టి పాడె ముందు నడిచిరి. ఆ కాలమున ఒక స్త్రీ ఆ పని చేయుట ఎంతటి సాహసమో ఊహింపుడు.

1892లో ఆమె ‘బావన్‌కశీ సుబోధ రత్నాకర్’ అను పద్యగ్రంథము ప్రకటించి, అందులో భర్త చేసిన సేవను వర్ణించిరి. 1893లో సాస్వడ్‌లో జరిగిన సత్యశోధక సమాజ సభకు అధ్యక్షత వహించిరి. 1897లో పూనాలో ప్లేగు వ్యాపించినప్పుడు, డాక్టరైన యశ్వంత్ ఊరి వెలుపల వైద్యశాల నడుపుచుండగా, రోగులను అక్కడికి చేర్చు పని ఆమె చేపట్టిరి. అప్పటికి ఆమెకు 66 ఏండ్లు. ముండ్వా గ్రామపు మహర్ పేటలో రోగముతో పడియున్న ఒక బాలుని తన వీపున మోసికొని వైద్యశాలకు తెచ్చిరి. ఆ రోగమే ఆమెకును సోకెను. మార్చి 10న గతించిరి.