ఒక ఉస్తాద్, ఇద్దరు షాగిర్దులు

డెకాథ్లాన్ అనగానే మన పిల్లలకు స్పోర్ట్స్ సామాన్ల దుకాణం గుర్తొస్తుంది. అసలు డెకాథ్లాన్ రెండు రోజుల ఇమ్తెహాన్. మొదటి రోజు 100 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్, హైజంప్, 400 మీటర్లు. రెండో రోజు హర్డిల్స్, డిస్కస్, పోల్‌వాల్ట్, జావెలిన్, ఆఖర్న ఒళ్ళంతా హూనమయ్యాక 1500 మీటర్లు. దేనికి దానికి పాయింట్లు. ఎన్నింట్లో ముందొచ్చావని ఎవరూ అడగరు, మొత్తం ఎంతన్నదే హిసాబ్. మన దేశానికి చెందిన సాబిర్ అలీ సాబ్ 1981లో టోక్యోలో ఆసియా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌లో ఈ ఆటలోనే సోనా గెలిచారు. ఆ పేరు మన ఇళ్ళలోనే ఎంతమందికి తెలుసు? ఆయన గురించి ఇంకోసారి రాస్తాను. ఇవాళ చెప్పే కిస్సా 1960 రోమ్ ఒలింపిక్స్‌ది.

రేఫర్ జాన్సన్ నల్లజాతి అమెరికన్. టెక్సాస్‌లో పుట్టి, కాలిఫోర్నియాలో కింగ్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. అక్కడ కొన్నాళ్ళు వాళ్ళ ఖాన్‌దాన్ గూడ్స్ రైలు పెట్టెలో కాపురముంది. 1956 మెల్‌బోర్న్‌లో చాందీతో సరిపెట్టుకున్నాడు. 1958లో మాస్కో వెళ్ళి, రష్యన్ల సొంత మైదానంలో వాళ్ళ కుజ్నెత్సోవ్‌ను ఓడించి ప్రపంచ రికార్డు పెట్టాడు. 1959లో కారు ప్రమాదంలో నడుముకు దెబ్బ తగిలింది. అయినా రోమ్‌లో అమెరికా జెండా మోసింది ఆయనే. అంతకు ముందు ఏ నల్లజాతి అమెరికన్‌కూ ఒలింపిక్స్‌లో ఆ ఇజ్జత్ దక్కలేదు.

సీ.కే. యాంగ్ తైవాన్ ఆదివాసీ, అమిస్ తెగవాడు. అదే ఊరేగింపులో అతని జట్టుకు సొంత పేరు పెట్టుకునే హక్ కూడా లేదు. ‘ఫార్మోసా’ పేరుతో నడవమన్నారు. వాళ్ళు నిరసన తెలిపే అట్ట పట్టుకుని నడిచారు.

ఈ ఇద్దరూ లాస్ ఏంజిలస్‌లోని యూసీఎల్ఏలో చదివారు. ఒకే మైదానం, ఒకే ఉస్తాద్. ఆయన పేరు డకీ డ్రేక్. పక్కా దోస్తులు, పక్కా రఖీబులు. రోమ్‌లో మిగతావాళ్ళు వెనకబడిపోయారు. సోనా కోసం ముకాబ్లా వీళ్ళిద్దరి మధ్యే మిగిలింది.

మొదటి రోజు వాన వల్ల ఆట ఆగి ఆగి రాత్రి పొద్దుపోయేదాకా సాగింది. పరుగుల్లో, దూకుళ్ళలో యాంగ్ ముందు. విసిరే మూడింట్లో జాన్సన్ ముందు. షాట్‌పుట్‌లో జాన్సన్ 15.82 మీటర్లు విసిరితే యాంగ్ 13.33 దగ్గరే ఆగాడు. తొమ్మిది ఆటలయ్యేసరికి జాన్సన్ 67 పాయింట్ల ముందున్నాడు. మిగిలింది 1500 మీటర్లు. అందులో యాంగ్ జాన్సన్ కంటే చాలా మేలు. సుమారు పది సెకన్ల తేడాతో గెలిస్తే సోనా యాంగ్‌దే.

అప్పుడు ఇద్దరూ విడివిడిగా ఉస్తాద్ దగ్గరికి వెళ్ళారు. డ్రేక్ జాన్సన్‌కు చెప్పింది, యాంగ్‌ను వదలకు, నీడలా వెంటే ఉండు అని. యాంగ్‌కు చెప్పింది, వీలైనంత ముందుకెళ్ళిపో, జాన్సన్ నిన్ను అందుకోలేడు అని. లోకం దీన్ని దోస్తీ కిస్సాగా చెప్పుకుంటుంది. నా నజర్ మాత్రం ఎప్పుడూ ఆ ఉస్తాద్ మీదే పడుతుంది. డ్రేక్ అమెరికన్. జాన్సన్ అమెరికా జెండా మోసినవాడు. యాంగ్‌కు ఒక్క మాట తగ్గించి చెప్పినా అడిగేవాడు లేడు. అయినా ఎవరికి పనికొచ్చే సలహా వాళ్ళకు పూర్తిగా ఇచ్చాడు. మా ఉర్దూ మీడియం బడిలో ఇల్మ్ ఒక అమానత్ అనేవారు. నాకు ఆ మాటకు అర్థం డ్రేక్‌ను చదివాకే ఇంకాస్త తెలిసింది.

రాత్రి దీపాల కింద పరుగు మొదలైంది. యాంగ్ వేగం పెంచినప్పుడల్లా జాన్సన్ వెనకాలే ఉన్నాడు. ఆఖరి చుట్టులో యాంగ్ శక్తినంతా కూడదీసుకుని ఉరికాడు. జాన్సన్ వదల్లేదు. యాంగ్ 4 నిమిషాల 48.5 సెకన్లు, జాన్సన్ 4 నిమిషాల 49.7. జాన్సన్ జిందగీలో ఎన్నడూ అంత వేగంగా 1500 పరుగెత్తలేదు. పాయింట్లు 8392, 8334. పదింట్లో ఏడు ఆటల్లో జాన్సన్ కంటే ముందొచ్చిన యాంగ్ 58 పాయింట్లతో ఓడిపోయాడు. అలసి సోలిన జాన్సన్ తల వాల్చింది యాంగ్ భుజం మీదే.

ఆ చాందీ తైవాన్‌కు మొట్టమొదటి ఒలింపిక్ మెడల్. 1963లో యాంగ్ 9121 పాయింట్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. 9000 దాటిన మొదటి మనిషి అతనే. ఫైబర్‌గ్లాస్ కర్రతో అతను దూకిన ఎత్తుకు పాత పాయింట్ల పట్టిక చాలలేదు. తర్వాత పట్టికే మార్చేశారు. కొత్త లెక్కలో ఆ రికార్డు వెయ్యికి పైగా పాయింట్లు తగ్గిపోయింది. కిస్మత్ అనాలా, నాఇన్సాఫీ అనాలా? 1964 టోక్యోలో అతనికి ఐదో స్థానం దక్కింది.

రోమ్ తర్వాత జాన్సన్ మళ్ళీ డెకాథ్లాన్ ఆడలేదు. 1968లో రాబర్ట్ కెనెడీ మీద కాల్పులు జరిగిన రాత్రి హంతకుణ్ణి పట్టుకున్నవాళ్ళలో ఆయన ఒకడు. 1984లో లాస్ ఏంజిలస్ ఒలింపిక్ జ్యోతి వెలిగించింది ఆయనే. యాంగ్ 2007లో, జాన్సన్ 2020లో పోయారు. ఇద్దరూ చెమటోడ్చిన యూసీఎల్ఏలో అథ్లెటిక్స్ స్టేడియానికి డ్రేక్ పేరు పెట్టారు.