బందరు: ఊరి పేరే ఒక తారీఖ్

మన వైపు వచ్చే ముసాఫిర్లలో చాలామంది విజయవాడతో ఆగిపోతారు. కొండ ఎక్కుతారు, బ్యారేజీ చూస్తారు, బిర్యానీ తిని రైలెక్కుతారు. అక్కణ్ణుంచి ఇంకో 70 కిలోమీటర్లు తూర్పుకి పోతే బందరు. బస్సు దిగితే కళ్లు చెదిరే ఇమారత్ ఏదీ ఎదురుగా కనిపించదు. గోల్కొండలా ఖిలా లేదు, చార్మినార్‌లా మీనార్లు లేవు. "చూడ్డానికి ఏముందక్కడ?" అని నన్ను చాలామంది అడిగారు. అక్కడ చూడాల్సినవాటికంటే ముందు వినాల్సినవి ఉన్నాయి. అందులో మొదటిది ఆ ఊరి పేరు.

బందర్ అంటే ఫార్సీలో ఓడరేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉంది. బ్రూనై రాజధాని పేరు బందర్ సేరీ బెగవాన్. అదే లఫ్జ్ కృష్ణా జిల్లాకొచ్చి, చివర ఒక ఉకారం తగిలించుకుని అచ్చ తెలుగు మాట అయిపోయింది. రికార్డుల్లో మచిలీపట్నం అని రాసుకున్నా, పొలం నుంచి వచ్చిన రైతు నోటికి వచ్చేది బందరే. ఆ మాట ఫార్సీదని అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన జరూరత్ కూడా రాలేదు.

మచిలీ అనగానే ఉర్దూ వచ్చినవాళ్లకి మఛ్లీ, అంటే చేప గుర్తొస్తుంది. కానీ రెండో శతాబ్దంలోనే టాలెమీ ఈ తీరాన్ని 'మైసోలియా' అన్నాడు. అంతకు ముందటి గ్రీకు నావికుల పుస్తకం 'పెరిప్లస్' దీన్నే 'మసాలియా' అంది. అంటే ఉర్దూ పుట్టకముందే ఇక్కడ ఇలాంటి పేరొకటి పలుకుతూ ఉంది. దాంట్లో చేపని తర్వాతి చెవులు విని ఉంటాయి.

ఈ రేవు అసలు జమానా కుతుబ్ షాహీలది. గోల్కొండకి సముద్రం లేదు. దాని దర్వాజా బందరు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన హీరాలు, తెలంగాణ ఉక్కు, నూలు బట్టలు, నీలిమందు ఈ తీరం మీదుగా దునియాకి పోయేవి. ఇక్కణ్ణుంచి జహాజులు ఒక వైపు పెగూ, తెనాసెరిం, ఆచే దాకా, ఇంకో వైపు మోఖా, బందర్ అబ్బాస్ దాకా నడిచేవి. హజ్ యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. మక్కా, మదీనాల్లోని ఫకీర్లకని సుల్తానులు పంపిన బియ్యం కూడా ఈ రేవులోనే ఓడకెక్కేది. మన డెల్టా బియ్యం ఎర్ర సముద్రం ఒడ్డున దిగేదన్నమాట! కాటన్ ఆనకట్ట, కాలవలు ఇంకా రెండు వందల ఏళ్ల తర్వాతి సంగతి.

ఇరాన్ నుంచి వచ్చిన తాజిర్లు ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. అందులో ఒకరి ఖిస్సా చెప్పాలి. అర్దిస్తాన్ నుంచి మీర్ ముహమ్మద్ సయీద్ అనే పేద యువకుడు గుర్రాల వ్యాపారంతో దక్కన్ చేరాడు. 1630లలో మచిలీపట్నానికి హవల్దార్ అయ్యాడు. ఆ కొలువులో రేవు లెక్కలు, ఓడల లాభాలు, వజ్రాల దారులు అన్నీ నేర్చుకున్నాడు. తర్వాత గోల్కొండ వజీర్ అయ్యాడు. సొంత జహాజులు, సొంత ఫౌజు పెట్టుకున్నాడు. 1656లో మొఘలుల వైపు వెళ్లిపోయి, చివరికి బెంగాల్ సుబేదార్‌గా 1663లో కన్నుమూశాడు. చరిత్ర అతన్ని మీర్ జుమ్లా అంటుంది. అతని కిస్మత్ మలుపు తిరిగిన చోట బందరు ఒకటి.

యూరప్ వాళ్లు వచ్చేసరికి ఈ బాజార్ ముందే నిండుగా ఉంది. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో 'గ్లోబ్' అనే ఓడలో వచ్చారు. ఫ్రెంచివాళ్లకి 1669లో గోల్కొండ దర్బార్ నుంచి ఫర్మానా సంపాదించిపెట్టినవాడు ఇరాన్ నుంచి వచ్చిన మర్కరా అనే అర్మేనియన్. వాళ్లంతా ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు, మొహల్లాల పేర్లలో. వలందపాలెం అంటే హాలండ్ వాళ్ల పాలెం. పరాసుపేట ఫ్రెంచివాళ్లది. ఇంగ్లీషుపాలెం సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బందరుకోట వైపు డచ్ కబరస్తాన్ ఉంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఆ సమాధుల మీద వాళ్ల కుటుంబ చిహ్నాలు చెక్కి ఉన్నాయి. చదవడం రాకపోయినా చేత్తో తడిమితే ఆ నక్కాషీ తెలుస్తుంది.

మరి ఇరానీలకో పాలెం? నాకు తట్టిన జవాబు ఇది. విడిగా ఉన్నవాళ్లకి పాలెం పేరు మిగిలింది. ఫార్సీ మాత్రం ఊరంతటికీ పేరై కూర్చుంది.

ఇక కలంకారీ. కలం కూడా అక్కడి మాటే, కారీ అంటే పని. శ్రీకాళహస్తిలో నిజంగానే కలంతో గీస్తారు. బందరు పక్కన పెడనలో టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. కలం లేకపోయినా పేరు నిలబడింది. గుడ్డని కరక్కాయ, గేదె పాలలో తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడితే నలుపు వస్తుంది. పటిక అద్దిన చోట ఎరుపు పట్టుకుంటుంది. ఆ ఎరుపు కోసం పాతరోజుల్లో ఈ తీరపు ఇసుకలో పెరిగే చిరివేరు వాడేవారు. ఇరాన్ గిరాకీ కోసం సరో చెట్లు, మిహ్రాబ్ కమాన్లు అచ్చుల్లోకొచ్చాయి. జానమాజులు, దుప్పట్లు పోయాయి. ఫార్సీ 'పలంగ్‌పోష్' ఇంగ్లీషు నోట్లో పడి 'పాలంపోర్' అయి, లండన్ పడకగదుల దాకా వెళ్లింది. పెడన కార్ఖానాలో అచ్చు దెబ్బ వినండి, ఎంత బరువైన లయో! ఇప్పుడు ఆ డిజైన్లనే స్క్రీన్ ప్రింటులో వేసి చవగ్గా అమ్ముతున్నారు. కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి, అద్దకంలో చిన్నచిన్న తేడాలు ఉన్నాయో లేదో చూడండి. ఆ తేడాలే కారీగర్ చెయ్యి.

ఒక మాట సరిచేయాలి. 'మస్లిన్' అనే పేరు మసులా నుంచే వచ్చిందని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ పేరు ఇరాక్‌లోని మోసుల్ నుంచి వచ్చిందన్నదే నిఘంటువుల మాట. బందరుకి ఉన్న అసలు షాన్ చాలు, అరువు తెచ్చుకోనక్కర్లేదు.

తినకుండా తిరిగి రావద్దు. బందరు హల్వా నల్లగా మెరుస్తుంది. గోధుమలు నానబెట్టి రుబ్బి తీసిన పాలని బెల్లంతో, నెయ్యితో గంటల తరబడి తిప్పుతారు. హల్వా అరబీ మాట, బెల్లం మన పొలంది. బందరు లడ్డుకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. శనగపిండి పూసని దంచి, బెల్లం పాకం, నెయ్యి కలిపి మళ్లీ దంచుతారు కాబట్టి తొక్కుడు లడ్డు అని కూడా అంటారు. బుందేల్‌ఖండ్ నుంచి వలసొచ్చిన బొందిలి కుటుంబాలు వీటిని తెచ్చాయని ఊళ్లో చెప్పుకుంటారు. ఒక్క మిఠాయి పొట్లంలో ఎన్ని ముల్కులో లెక్కపెట్టుకోండి.

ఇంత రౌనక్ ఎలా పోయింది? 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది, దర్బార్ గిరాకీ పోయింది. వ్యాపారం మద్రాసుకి మళ్లింది. 1759లో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి కోట గుంజుకున్నాడు. తీరం మెరక, పెద్ద ఓడలు మైళ్ల దూరంలో ఆగాలి. మాంచెస్టర్ మిల్లు బట్ట చేనేత మెడ మీద కూర్చుంది. 1864 నవంబర్ 1 రాత్రి తుఫాను ఉప్పెన వచ్చి దాదాపు 30,000 మందిని మింగింది. ఆ తర్వాత ఊరు మళ్లీ లేచింది, రేవు మాత్రం పాత రోజులు చూడలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తెలుగు ముసల్మాన్ ఇక్కడికి ఎలా వచ్చాడన్న సవాల్‌కి చాలామంది దగ్గర ఒకటే జవాబు ఉంటుంది: కత్తి, గుర్రం, ఖిలా. బందరు తారీఖ్‌లో మూట, త్రాసు, తెరచాప కనిపిస్తాయి. ఇక్కడ అద్దకంవాడు, ఓడ సరంగు, ఇరానీ తాజిర్, కోమటి షావుకారు ఒకే లెక్క పుస్తకంలో ఉన్నారు. ఒకరు లేకపోతే ఇంకొకరి సరుకు కదిలేది కాదు. బడిపుస్తకంలో యుద్ధాల తారీఖులకి చోటుంది, ఈ లెక్క పుస్తకానికి లేదు.

ఇప్పుడు మంగినపూడి వైపు కొత్త రేవు కడుతున్నారు. క్రేన్లు, కంటైనర్లు వస్తాయి, భూమి ధర పెరుగుతుంది, పాత గోడలకి గండం కూడా వస్తుంది. అంతకు ముందే ఒకసారి వెళ్లండి. పొద్దున్నే పెడన, మధ్యాహ్నం కోట వైపు కబరస్తాన్, సాయంత్రం మంగినపూడి ఒడ్డు. వలందపాలెంలో ఎవరైనా పిల్లవాడు కనిపిస్తే ఆ పేరు ఎలా వచ్చిందో అడగండి. తెలియదంటే మీరు చెప్పండి.