టపాలో వచ్చు మాసికలు: ప్రోగ్రాము దిద్దుబాట్లను ఈ-మెయిలులో పంపు పద్ధతి చరిత్ర

చిరిగిన బట్టను పారవేయక, చిరిగినంత మేరకే గుడ్డముక్క వేసి కుట్టుట మన యిండ్లలో అనాదిగా ఉన్న పని. ఆ ముక్కను మాసిక అందురు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు కూడ ఇట్టి మాసికలనే వేయుచుందురు. ప్రోగ్రాము అనగా యంత్రము చేయవలసిన పనులను వరుసగా తెలుపు ఆదేశముల పాఠము. అందొక చోట తప్పున్నచో పాఠమంతయు తిరిగి వ్రాయనక్కరలేదు. ఏ పంక్తిని తీసివేయవలెనో, దాని స్థానమున ఏ పంక్తిని చేర్చవలెనో చెప్పిన చాలును. ఈ దిద్దుబాటు చీటికి ప్యాచ్ అని పేరు. ఆ మాటకు మాసిక యనియే అర్థము.

ఈ చీటిని మామూలు ఈ-మెయిలులో ఉంచి దూరదేశమందలి మరొక రచయితకు పంపుట, ఆయన దానిని చదివి, నచ్చినచో ఒక్క ఆదేశముతో తన ప్రతిలో అతికించుకొనుట దాదాపు నలుబది సంవత్సరములుగా సాగుచున్నది. నేడు మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులన్నిటికిని ఆధారమైన లినక్స్ కెర్నెల్ ఈ విధముగనే పెరిగినది. ఈ పద్ధతి ఎట్లు పుట్టెనో, ఇన్ని కొత్త సాధనములు వచ్చినను ఎందుకు నిలిచెనో విచారింతము.

కాగితపు పట్టీ నాటి మాట

మాసిక అను మాట ఇచ్చట మొదట అలంకారము కాదు. 1944లో హార్వర్డు విశ్వవిద్యాలయమున పనిచేయ నారంభించిన మార్క్-1 అను గణనయంత్రము తన ఆదేశములను రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీనుండి చదివెడిది. ఒక్కొక్క వరుసలోని రంధ్రముల అమరికనుబట్టి ఒక్కొక్క ఆదేశము ఏర్పడును. రంధ్రము పడరాని చోట పడినచో దానిపై చిన్న ముక్కను అతికించి మూసెడివారు. కొంత భాగము మారవలసినచో ఆ భాగమును కత్తిరించి, కొత్త ముక్కను అతికెడివారు. అట్టి అతుకులు గల పట్టీ అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో భద్రపరుపబడినది. యంత్రములు మారినను పేరు మాత్రము నిలిచినది.

భేదమును కనిపెట్టు విధము

ఒక పాఠమునకు పాతప్రతి, కొత్తప్రతి రెండును ఉన్నవనుకొందము. వాని భేదమును కనుగొనుట సులభమని తోచును. మొదటి పంక్తిని మొదటిదానితో, రెండవదానిని రెండవదానితో పోల్చిన చాలదా? చాలదు. పైన ఒక్క పంక్తి కొత్తగా చేరినచో క్రిందివన్నియు ఒక్కొక్క మెట్టు దిగును. అప్పుడు అన్నియు వేరుగానే కనబడును. కావున రెండు ప్రతులలోను అదే క్రమములో వచ్చు పంక్తులలో మిక్కిలి పొడవైన వరుసను ముందుగా కనుగొనవలెను. ఆ వరుసలో చేరక పాతప్రతిలో మిగిలినవి తీసివేతలు. కొత్తప్రతిలో మిగిలినవి చేర్పులు.

ఈ సూత్రముపై పనిచేయు డిఫ్ అను ప్రోగ్రామును అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెకిల్‌రాయ్ రూపొందించెను. అది 1974లో యూనిక్స్ ఐదవ కూర్పుతో వెలువడెను. దాని గణితమును 1976లో ఆయనయు జేమ్స్ హంట్‌ను కలిసి ఒక వ్యాసమున వివరించిరి.

ఒక ఉదాహరణము చూతము. ఒక విద్యార్థి వద్ద బుధుడు మొదలు ప్లూటో వరకు తొమ్మిది పంక్తుల పాత గ్రహముల పట్టిక ఉన్నది. ఎనిమిదవ పంక్తిలో నెప్ట్యూన్ పేరు తప్పుగా పడినది. ప్లూటోను 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘము మరుగుజ్జు గ్రహముగా వర్గీకరించెను గనుక ఆ పేరును తీసివేయవలెను. రెండు దిద్దుబాట్లును చేసిన పిమ్మట చీటి ఇట్లుండును:

@@ -5,5 +5,4 @@
 గురుడు
 శని
 యురేనస్
-నెప్చూన్
-ప్లూటో
+నెప్ట్యూన్

పాతప్రతిలో 5వ పంక్తి మొదలు 5 పంక్తులున్న చోట, కొత్తప్రతిలో 5వ పంక్తి మొదలు 4 పంక్తులు వచ్చునని పై వరుసకు అర్థము. - గుర్తు తీసివేతకు, + గుర్తు చేర్పునకు. ఏ గుర్తును లేని మూడు పంక్తులు మారలేదు. అవి పొలము గట్టున పాతిన హద్దురాళ్ల వలె చోటును తెలుపును. యంత్రసహాయము లేకయే మనిషి దీనిని చదివి గ్రహింపగలడు. ఇదియే యీ పద్ధతికి ప్రాణము.

తొలినాటి డిఫ్ పంక్తుల సంఖ్యలను మాత్రమే చెప్పెడిది, హద్దురాళ్లను చూపెడిది కాదు. ఇరుగుపొరుగు పంక్తులను చూపు రూపము 1981లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారి యూనిక్సులో వచ్చెను. మన ఉదాహరణములోని పొందికైన రూపమును 1990లో వేన్ డేవిసన్ ఏర్పరచెను.

అతికించు పనిముట్టు

చీటి వ్రాయుటకు యంత్రము దొరికినది. చీటిని చదివి దిద్దుటకు మాత్రము చాలకాలము మనిషియే కూర్చుండవలసి వచ్చెను. 1985 మే నెలలో లారీ వాల్ అను అమెరికను ప్యాచ్ అను ప్రోగ్రామును వ్రాసి అందరికిని ఉచితముగా అందించెను.

దీని తెలివి హద్దురాళ్లను ఉపయోగించుటలో ఉన్నది. చీటి పంపినవాని ప్రతికిని, అందుకొన్నవాని ప్రతికిని ఈలోగా కొంత తేడా వచ్చి యుండవచ్చును. 5వ పంక్తి ఇప్పుడు 12వ పంక్తి అయి యుండవచ్చును. ప్యాచ్ సంఖ్యను గ్రుడ్డిగా నమ్మదు. చెప్పిన చోట ఆ పంక్తులు లేనిచో పైకిని క్రిందికిని వెదకును. అప్పటికిని దొరకనిచో హద్దుపంక్తులలో చివరివానిని విడిచి, మిగిలినవానితో పోల్చి చూచును. అదియు కుదరనిచో ఆ ముక్కను తిరస్కరించి, వేరొక ఫైలులో వ్రాసిపెట్టును. అనుమానపు చోట ఊహించి అతికించుటకంటె, కుదరలేదని చెప్పుటయే మేలని దాని నీతి.

టపా మార్గము

1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరునుండి మరొకదానికి ఉత్తరము పంపి, వ్యక్తి పేరును యంత్రము పేరును వేరుచేయుటకు @ గుర్తును వాడెను. తరువాత టెలిఫోను తీగల మీదుగా యూనిక్స్ యంత్రములు ఒకదానికొకటి ఫోను చేసికొని ఫైళ్లను మార్చుకొను ఏర్పాటును బెల్ ప్రయోగశాలలో మైక్ లెస్క్ రూపొందించెను.

ఆ కాలమున చిన్నచీటికి గల విలువను ఒక లెక్కతో తెలిసికొనవచ్చును. సెకనుకు 1200 బిట్లు పంపు సాధనముతో, అక్షరమునకు 10 బిట్ల చొప్పున, సెకనుకు 120 అక్షరములు పోవును. పది లక్షల అక్షరముల ప్రోగ్రామును పంపుటకు 2 గంటల 19 నిమిషములు పట్టును. 3000 అక్షరముల దిద్దుబాటు చీటికి 25 సెకనులు చాలును. ఫోను ఖర్చు నిమిషముల లెక్కన కట్టవలసిన నాడు ఈ భేదము సామాన్యము కాదు.

1982లో జాన్ పోస్టెల్ వ్రాసిన ఎస్ఎంటిపి అను నియమావళి ఈ-మెయిలు రవాణాకు కట్టుబాట్లు ఏర్పరచెను. దాని ప్రకారము ఉత్తరములో 7 బిట్ల ఆంగ్లాక్షరములే పోవలెను. పంక్తి 1000 అక్షరములకు మించరాదు. ప్రోగ్రాములు చిన్నపంక్తులలో ఆంగ్లాక్షరములతోనే వ్రాయబడుచుండుట వలన వానికి ఈ మార్గము సరిపోయెను. మన లిపికి సరిపోలేదు. 1992లో మైమ్ అను పద్ధతి వచ్చిన పిమ్మట ఇతర లిపులను ఆంగ్లాక్షరముల మారువేషములో పంపుట సాధ్యమయ్యెను. నేటి యూనికోడు లెక్కలో 'తెలుగు' అను మాటకు ఆరు సంకేతములు, ఒక్కొక్కదానికి 3 బైట్లు, వెరసి 18 బైట్లు. ఆ మారువేషములలో ఒకటైన బేస్-64 పద్ధతిలో 3 బైట్లకు 4 అక్షరముల చొప్పున అది 24 అక్షరములగును.

లినక్స్ పెరుగుదల, ఇరుకు

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెలును వెలువరించెను. అనేక దేశములవారు దానిలోని తప్పులను కనుగొని, దిద్దుబాటు చీటీలను ఈ-మెయిలులో పంపిరి. ఆయన వానిని చదివి, మంచివానిని ప్యాచ్ ప్రోగ్రాముతో అతికించెడివాడు. 1998 నాటికి ఉత్తరములు గుట్టలు పడెను. కొన్ని చదువబడకయే పోయెను. పంపినవారు మరల మరల పంపవలసి వచ్చెను. ఒక్క మనిషి చదువగలిగినదానికి హద్దు కలదు.

2002లో ఆయన బిట్‌కీపర్ అను వ్యాపారసంస్థ ప్రోగ్రామును వాడ మొదలిడెను. దానిని ఇష్టపడనివారి కొరకు అసలు ప్రతికి నకలుగా మరొక ప్రతిని వేరొక పద్ధతిలో నిలుపుచుండిరి. 2003 నవంబరులో ఎవరో ఆ నకలు ఉన్న యంత్రములో చొరబడి రెండు పంక్తులు చేర్చిరి. చూచుటకు అది తప్పుడు వినియోగమును పట్టు సాధారణమైన పరీక్ష. కాని సమానమా యని పోల్చుటకు == వ్రాయవలసిన చోట ఒక్క = మాత్రమే ఉన్నది. సి భాషలో == పోల్చును; ఒక్క = విలువను మార్చివేయును. ఇచ్చట మారునది వాడుకరి సంఖ్య. దానికి వచ్చు విలువ సున్న. ఆ సంఖ్య సర్వాధికారిది. అనగా ఆ రహస్యము తెలిసిన ఏ వాడుకరియైనను యంత్రమునకు యజమాని కాగలడు.

దీనిని పట్టినది భేదపరీక్షయే. నకలును అసలుతో పోల్చి చూడగా, అసలులో లేని మార్పు నకలులో కనబడెను. ఎవరును ఆమోదించినట్లు గుర్తు లేదు. వెంటనే అది తొలగింపబడెను. అసలు ప్రతికి హాని కలుగలేదు. చేసినవారెవరో బయటపడలేదు. పదుగురి కన్నుల యెదుట పరీక్షకు నిలువని మార్పు ఎంత చిన్నదైనను ప్రమాదమని ఈ ఉదంతము చూపెను.

అదే సంవత్సరము మార్చిలో, తమ యూనిక్స్ పాఠము లినక్సులో చేరినదని ఎస్‌సిఓ సంస్థ ఐబిఎం సంస్థపై వ్యాజ్యము వేసెను. ఏ పంక్తి ఎవరినుండి వచ్చెనో చూపగల సాక్ష్యము అవసరమయ్యెను. 2004 మే నెలనుండి ప్రతి చీటి చివరను, దీనిని పంపుటకు నాకు హక్కు కలదని తెలుపు సంతకపు పంక్తి వ్రాయు నియమమేర్పడెను. చీటి ఎందరి చేతుల మీదుగా పోవునో వారందరును వరుసగా సంతకము చేయుదురు.

గిట్

2005 ఏప్రిలులో బిట్‌కీపరును ఉచితముగా వాడుకొను సౌకర్యము తొలగెను. ఒకరి దయపై ఆధారపడిన పనిముట్టు ఎప్పుడైనను చేజారవచ్చునని తేలెను. టోర్వాల్డ్స్ ఏప్రిలు 3వ తేదీన గిట్ అను స్వంత పనిముట్టును వ్రాయ మొదలిడి, 7వ తేదీకి గిట్ మార్పులను గిట్‌లోనే దాచునంతగా సిద్ధపరచెను. ఆ జూలైనుండి దాని పోషణభారమును జూనియో హమానో వహించెను.

గిట్ వచ్చినను ఉత్తరములు ఆగలేదు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అంతకుముందు వ్రాసికొన్న చిన్న ప్రోగ్రాము ఆధారముగా రయన్ ఆండర్సన్ 2005లో సెండ్-ఈమెయిల్ అను ఆదేశమును గిట్‌లో చేర్చెను. అది పెర్ల్ భాషలో వ్రాయబడినది. ఆ భాషను 1987లో సృష్టించినవాడు ప్యాచ్ కర్త లారీ వాల్‌యే.

ఆదేశపంక్తి అనగా బొమ్మలపై నొక్కుటకు బదులు మాటలను టైపుచేసి యంత్రముతో పని చేయించుకొను తావు. అందు గిట్ ఫార్మాట్-ప్యాచ్ అని వ్రాసినచో మన మార్పులు ఒక్కొక్కటి ఒక్కొక్క ఉత్తరముగా తయారగును. ప్రతి ఉత్తరము మొదట 2001 సెప్టెంబరు 17 అను తేదీయే ఉండును. అది పంపిన తేదీ కాదు. ఇది గిట్ చేసిన చీటి యని ఇతర ప్రోగ్రాములు గుర్తించుటకు పెట్టిన ముద్ర. గిట్ సెండ్-ఈమెయిల్ వానిని వరుస తప్పకుండ పంపును. అందుకొన్నవారు గిట్ ఏ-ఎమ్ అనినచో దిద్దుబాటు, రచయిత పేరు, వివరణ మూడును వారి ప్రతిలో చేరును.

మామూలు ఉత్తరపు కిటికీలో అతికించి పంపరాదా యని అడుగవచ్చును. అట్టి ప్రోగ్రాములు పొడవైన పంక్తులను విరుచును. ట్యాబును ఖాళీలుగా మార్చును. ఉత్తరము చదువువానికి అది కనబడదు. కాని హద్దుపంక్తులు అక్షరాక్షరము సరిపోవలెను గనుక చీటి అతుకదు. అక్షరము చెడకుండ చేర్చుటయే ఈ ఆదేశము యొక్క ప్రయోజనము.

లోపములు, లాభములు

2008లో గిట్‌హబ్ వచ్చిన పిమ్మట చాలమంది వెబ్ పేజీల ద్వారా మార్పులు పంపుచున్నారు. కొత్తవారికి అదియే సులభము. టపా పద్ధతికి ముందుగా కొంత అమరిక నేర్వవలెను. ఏ ఉత్తరము ఎచ్చట ఆగెనో కనుగొనుట కష్టము. మోసమునకు కూడ తావు కలదు. తెలిసియే తప్పులున్న దిద్దుబాట్లను పరిశోధన పేరుతో పంపినారని తేలగా, 2021 ఏప్రిలులో మిన్నెసోటా విశ్వవిద్యాలయమునుండి వచ్చు మార్పులను కెర్నెల్ పోషకులు నిలిపివేసిరి. పరిశోధకులు క్షమాపణ చెప్పి, తమ వ్యాసమును ఉపసంహరించుకొనిరి. ఎంతటి నియమమైనను చదువువాని శ్రద్ధకు బదులు కాజాలదు.

అయినను లినక్స్ కెర్నెల్, గిట్ రెండును నేటికిని ఈ మార్గమునే ప్రధానముగా నమ్ముకొన్నవి. ఈ-మెయిలు ఏ యొక్క సంస్థ సొత్తును కాదు. ప్రశ్న, జవాబు, విమర్శ అన్నియు చీటిలోని పంక్తుల ప్రక్కనే వ్రాయబడి, ఆ పంక్తి ఎందుకట్లున్నదో తరువాతివారికి తెలియును. నిదానమైన ఇంటర్నెట్టున్నను, పాతయంత్రమైనను చాలును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షించి చూడవచ్చును. ఇరువది పంక్తుల పాఠమును ఇద్దరు విద్యార్థులకిచ్చి, ఒకనిచే మూడుచోట్ల మార్పించి, మార్పుల చీటి మాత్రమే రెండవవానికి పంపవలెను. పంక్తి సంఖ్యలతో ఒకసారి, ఇరుగుపొరుగు పంక్తులతో మరొకసారి చేయింపవలెను. రెండవవాని ప్రతిలో ముందుగా ఒక పంక్తిని అదనముగా చేర్చి యుంచినచో, సంఖ్యల చీటి ఎచ్చట దారి తప్పునో, హద్దుపంక్తుల చీటి ఎట్లు గమ్యము చేరునో విద్యార్థులు తామే కనుగొందురు.